డ్యాన్స్ ప్యాడ్ పాడయ్యేది తొక్కుడు వల్ల కాదు, జారుడు వల్ల

మీ ప్రశ్నను నేను అర్థం చేసుకున్నది ఇదీ. ల్యాప్‌టాప్‌లో స్టెప్‌మేనియా (పాటకు తగ్గట్టు తెర మీద వచ్చే బాణాలను కాళ్ళతో తొక్కే ఆట) ఆడటానికి నాలుగు నెలల క్రితం మడతపెట్టే మెత్తని డ్యాన్స్ ప్యాడ్ కొన్నారు. ఇప్పుడు ఎడమ బాణం రెండుసార్లు తొక్కితే గాని పలకడం లేదు. పై బాణం ఎవరూ తొక్కకపోయినా నొక్కినట్టే ఉండిపోతోంది. ఆడుతున్నంతసేపూ ప్యాడ్ టైల్స్ మీద ముందుకు పాకుతోంది. దీన్నే గట్టిపరచుకోవచ్చా, లేక లోహపు ప్యాడ్ తెప్పించుకోవాలా అని అడిగారు. ఎఫ్‌ఎస్‌ఆర్ అనే సెన్సార్ల గురించీ అడిగారు.

గట్టిపరచుకోవచ్చు. మీరు మూడు లోపాలు చెప్పారు గాని, నా లెక్కలో అది ఒకటే లోపం. మీరు చివర్లో మాటవరసకు చెప్పిన పాకుడే మిగతా రెండింటికీ మూలం.

ఇలా ఎందుకు అంటున్నానంటే, మా ఇంట్లో ఒకే ప్యాడ్ మీద నేనూ మా అమ్మాయీ ఆడేవాళ్ళం. తను కూచిపూడి నేర్చుకుంటోంది. అడుగు వేస్తే పాదం మొత్తం నిటారుగా దిగుతుంది, కింది ఫ్లాటు వాళ్ళు పైకి చూసేంత బలంగా. నేను తేలిగ్గానే ఆడతాను, కానీ మలుపు వచ్చినప్పుడల్లా మునివేళ్ళ మీద తిరుగుతాను. తనకు ఒక ప్యాడ్, నాకు ఒక ప్యాడ్ విడివిడిగా కొన్నాక తెలిసింది. తనది ఏడాది దాటినా బాగానే ఉంది. నాది మూడో నెలకే మూలపడింది. బలంగా తొక్కిన ప్యాడ్ బతికింది, మెలితిప్పిన ప్యాడ్ పోయింది.

కారణం లోపల ఉంది. ప్యాడ్ అంచున జిప్పుగాని, అతుకుడు పట్టీగాని ఉంటే తెరవండి. లేకపోతే వెనకవైపు కుట్టు విప్పండి. లోపల రెండు పలచని ప్లాస్టిక్ షీట్లు కనిపిస్తాయి. వాటి మీద విద్యుత్తు ప్రవహించే ఇంకుతో నల్లటి గీతలు, బాణాల చోట జల్లెడలాంటి గళ్ళు అచ్చువేసి ఉంటాయి. ఆ రెండు షీట్ల మధ్య రంధ్రాలున్న ఫోమ్ ఉంటుంది. కాలు పడగానే పై షీటు ఆ రంధ్రంలోంచి కిందికి వంగి కింది షీటును తాకుతుంది, కాలు తీయగానే ఫోమ్ దాన్ని పైకి నెడుతుంది. అంతే యంత్రం. గేమ్‌ల సంస్థ కొనామి 1998లో జపాన్ ఆర్కేడ్లలో, అంటే నాణేలు వేసి ఆడే ఆటశాలల్లో, డ్యాన్స్ డ్యాన్స్ రెవల్యూషన్ అనే ఇలాంటి ఆటనే పెట్టి, మరుసటి ఏడాది ప్లేస్టేషన్ మీద ఇళ్ళకు తెచ్చినప్పుడు దానికి అమ్మినవీ ఇలాంటి మెత్తని ప్యాడ్లే. అంతకు చాలాముందు, 1986లోనే, బాందాయ్ సంస్థ నింటెండో వారి ఫ్యామికామ్ గేమ్ యంత్రం కోసం కాళ్ళతో ఆడే చాప తెచ్చింది. ఆలోచన అంత పాతది.

ఇప్పుడు ఆ చాప నేల మీద జారుతోందనుకోండి. పై తొడుగు మీ పాదంతో ఒకవైపుకు లాగుకుపోతుంది, కింది తొడుగు టైలు మీద ఇంకోవైపు ఆగుతుంది. మధ్యలో రెండు షీట్లూ ఒకదాన్నొకటి రాసుకుంటాయి. ఇంకు పొడిగా రాలిపోతుంది. మీ ప్యాడ్ తెరిచి ఎడమ బాణం దగ్గర వేలితో తుడిచి చూడండి, కాటుక అంటినట్టు నల్లగా అంటుకుంటే అది మీ బాణం నుంచి రాలిన ఇంకే. రాలిన చోట స్పర్శ పోతుంది, అది ఎడమ బాణం కథ. ఇక ఫోమ్ కూడా జరిగి, రంధ్రం అంచు నలిగి చపాతీలా అణిగిపోతే రెండు షీట్లూ ఎప్పుడూ తాకే ఉంటాయి, అది పై బాణం కథ.

నా మాట నమ్మకుండా మల్టీమీటరుతో చూసుకోండి. ఒక జాగ్రత్త ఉంది. బీప్ శబ్దం వచ్చే అమరికలో పెడితే చాలామటుకు మోగదు. అది చూసి ప్యాడ్ చచ్చిపోయిందనుకోకండి. ఆ ఇంకు రాగి తీగ కాదు, దాని నిరోధం మామూలుగానే ఎక్కువ. మీటరును 20 కిలో ఓమ్‌ల దగ్గర పెట్టి, బాగా పనిచేస్తున్న కుడి బాణాన్ని చేత్తో అదిమి అంకె రాసుకోండి. తర్వాత ఎడమ బాణం చూడండి. దానికి దీనికి ఎన్ని రెట్ల తేడా ఉందన్నదే ముఖ్యం, అంకె ఎంత అన్నది కాదు. రెండూ దగ్గరదగ్గరగా ఉంటే మీ ఇంకు బతికే ఉంది, ఫోమ్ సరిచేస్తే చాలు. ఎడమది పది రెట్లు ఎక్కువగా ఉన్నా, అసలు అంకే రాకపోయినా ఇంకు పోయినట్టే.

ఇంకు బతికి ఉన్న ప్యాడ్‌కు వైద్యం చిన్నదే. పొడి నూలుగుడ్డతో మసి తుడవండి. స్పిరిట్ పెట్టకండి, మసితోపాటు మిగిలిన ఇంకూ వచ్చేస్తుంది. అణిగిన ఫోమ్ తీసేసి, ఎలక్ట్రానిక్ వస్తువుల ప్యాకింగులో వచ్చే తెల్లటి పలచని ఫోమ్ షీటును అదే కొలతలో, అవే రంధ్రాలతో కత్తిరించి పెట్టండి. రంధ్రాలు పాత ఫోమ్ మీద పెట్టి పెన్నుతో గీసుకుంటే సరిపోతుంది. పెన్సిలు సీసం రుద్దడం, వంటింటి ఫాయిల్ ముక్క అంటించడం లాంటి చిట్కాలు వీడియోల్లో చాలా కనిపిస్తాయి. నేనూ చేశాను. శనివారం అంటించిన ఫాయిల్ ఆదివారం సాయంత్రానికి చిరిగి, ఆ ముక్కలు పక్క బాణంలోకి వెళ్ళి, ఒకటి తొక్కితే రెండు పలికాయి.

ఏ వైద్యం చేసినా దాన్ని మళ్ళీ టైల్స్ మీద పరిస్తే వృథా. 19 మి.మీ. ప్లైవుడ్ ముక్క కోయించండి, ప్యాడ్ కంటే అన్నివైపులా మూడు అంగుళాలు పెద్దదిగా. ఎనిమిదికి నాలుగు అడుగుల షీటులో రెండు ప్యాడ్లకు సరిపడా వస్తుంది. చెక్క దుకాణాల్లో మిగిలిన ముక్కలు ఉంటే అడగండి, చవకగా ఇస్తారు. చెక్క కింద మందపాటి రబ్బరు మ్యాట్ వేయండి. పిల్లల గదిలో పరిచే మెత్తని రంగురంగుల పలకలు వద్దు, వాటి మీద చెక్క పడవలా ఊగుతుంది, మోకాళ్ళు నొప్పెడతాయి. గట్టి రబ్బరైతే జారడమూ ఆగుతుంది, కింది ఇంటికి వెళ్ళే చప్పుడూ కొంత తగ్గుతుంది. కొంతే. రాత్రి తొమ్మిది దాటాక ఆడకపోవడాన్ని మించిన శబ్ద నివారణ నాకు దొరకలేదు.

ప్యాడ్‌ను ఆ చెక్కకు బిగించేటప్పుడు అందరూ చేసే తప్పు నేనూ చేశాను. మడతలు పోవాలని నలుగురం నాలుగువైపులా లాగి, మద్దెల మూత బిగించినట్టు బిగించి స్టేపుల్ పిన్నులు కొట్టాం. చూడటానికి ముచ్చటగా ఉంది. ల్యాప్‌టాప్‌కు తగిలిస్తే నాలుగు బాణాలూ ఒకేసారి నొక్కుకుపోయి ఉన్నాయి. బిగుతుకు షీట్లు ఫోమ్‌ను అణచివేశాయి. కాబట్టి లాగకండి. ప్యాడ్‌ను చెక్క మీద పరిచి, చేత్తో మడతలు సర్ది, అంచుల మీద సన్నటి చెక్క పట్టీలు వేసి స్క్రూలు బిగించండి. స్క్రూలు లోపలి షీట్ల గీతల మీదుగా పోకుండా చూసుకోండి. ఒక్కో అంచు బిగించాక నాలుగు బాణాలూ తొక్కి చూసి ముందుకు వెళ్ళండి.

మీరు వారానికి రెండు మూడు గంటలు సరదాగా ఆడేవారైతే ఇక్కడితో ఆగిపోండి. ఈ పని ఒక మధ్యాహ్నంలో అయిపోతుంది, ప్యాడ్ ఆయువు పెరుగుతుంది. ఇంకు పోయి ఉంటేనో, కష్టమైన పాటల్లోకి దిగాలని ఉంటేనో కింది భాగం చదవండి. అప్పుడు మిగిలేది పేరుకే ఆ ప్యాడ్. లోపలి స్విచ్చులన్నీ మీరు చేసినవే అవుతాయి.

ఆ చెక్క మీద 28 సెం.మీ. గళ్ళు తొమ్మిది గీయండి. ఆర్కేడ్ యంత్రాల్లో బాణం పలక కొలత సుమారు ఇదే, పదకొండు అంగుళాలు. నాలుగు మూలలకూ, నడుమ గడికీ 12 మి.మీ. ప్లైవుడ్ చతురస్రాలు అంటించి స్క్రూలు వేయండి. ఇవి కదలవు. మిగిలిన నాలుగు గుంటల్లో బాణాలు కూర్చుంటాయి. ఒక్కో గుంటకు రెండు జి.ఐ. రేకు ముక్కలు కావాలి, సుమారు అర మిల్లీమీటరు మందంవి. ఒకటి గుంట అడుగుకు అంటుకుంటుంది, రెండోది 6 మి.మీ. ప్లైవుడ్ పలక అడుగున అంటుకుంటుంది. ఆ పలక మీద 3 మి.మీ. పాలీకార్బొనేట్ (గట్టి ప్లాస్టిక్) షీటు. రేకులు రెండూ తాకితే బాణం పలుకుతుంది.

అంతా అంటించేశాక మూలల్లో స్క్రూ వేస్తే ఆ స్క్రూ రెండు రేకుల్లోంచీ దిగి వాటిని శాశ్వతంగా కలిపేస్తుంది. కాబట్టి ముందే రేకుల నాలుగు మూలలూ ఒక్కో అంగుళం కత్తెరతో తీసేయండి. ఖాళీ అయిన ఆ మూలల్లో సైకిల్ ట్యూబు ముక్కలు రెండు పొరలుగా పెట్టండి. ట్యూబు ఒక పొర సుమారు ఒక మిల్లీమీటరు, రెండు పొరలు రెండు. రేకులు రెండూ కలిపి ఒకటి పోతే, మధ్యలో ఒక మిల్లీమీటరు ఖాళీ మిగులుతుంది. కిటికీలకు అంటించే ఫోమ్ పట్టీ కంటే ట్యూబు ముక్క మేలు. ఆ ఫోమ్ ఆరు నెలల్లో అణిగిపోతుంది, అప్పుడు మీరు మళ్ళీ పై బాణం కథ దగ్గరికే వస్తారు. ట్యూబు అంతగా అణగదు. వంగే పని పలకది, రబ్బరుది కాదు. పలక అంచంతా రబ్బరు వేయకుండా మూలల్లో మాత్రమే వేయడానికీ కారణం ఇదే. అంచంతా ఆనితే నడుమ తొక్కినప్పుడే పలుకుతుంది, అంచున కాలు పడితే మౌనంగా ఉంటుంది. ఆర్కేడ్ డ్యాన్స్ డ్యాన్స్ రెవల్యూషన్ వేదికల్లో ఒక్కో బాణం కింద నాలుగు అంచుల వెంటా నాలుగు సెన్సార్లు పెట్టింది ఈ బాధ తప్పించడానికే.

మూల స్క్రూల కోసం పై పలకలో రంధ్రాలు కాస్త పెద్దవిగా వేయండి. స్క్రూ పూర్తిగా బిగించాక పావు చుట్టు వెనక్కి తిప్పండి. పలకను పట్టి ఉంచాలి, అణచకూడదు. ఇక పలక చుట్టూ రెండు మిల్లీమీటర్ల సందు వదలండి. ఎండాకాలంలో కచ్చితంగా అమర్చిన పలక వర్షాకాలంలో ఉబ్బి గుంటలో ఇరుక్కుపోతుంది. మాకు జూలైలో ఒకసారి సుత్తితో కొట్టి తీయాల్సి వచ్చింది.

లెక్క వేసుకుంటే బాణం పలక మొత్తం మందం 11 మి.మీ., చుట్టూ ఉన్నది 12. ఆ ఒక్క మిల్లీమీటరు లోతు కావాలనే ఉంచాను. ఆర్కేడ్లలో కూడా బాణాలు చుట్టూ ఉన్న లోహం కంటే కాస్త దిగువనే ఉంటాయి. తెర మీద నుంచి కళ్ళు తిప్పకుండానే కాలు ఎక్కడుందో పాదానికి తెలుస్తుంది. మెత్తని ప్యాడ్‌లో కనిపించని అసలు లోటు ఇదేనని నా అభిప్రాయం. సెన్సారు మార్చాక స్కోరు పెరిగిందని చాలామంది అనుకుంటారు గాని, సగం మేలు ఈ అంచు చేస్తుంది.

పాలీకార్బొనేట్‌కు బదులు యాక్రిలిక్ ఇస్తామని దుకాణంలో అంటారు, చూడటానికి రెండూ ఒకేలా ఉంటాయి. వద్దు. పాలీకార్బొనేట్ వంగుతుంది, యాక్రిలిక్ పగులుతుంది. పగిలిన అంచు కత్తిలా ఉంటుంది, పైగా మన ఇళ్ళలో ఆడేది ఉత్త కాళ్ళతో. ఉత్త కాళ్ళ మాట వచ్చింది కాబట్టి, చెమట పట్టిన పాదం ఈ షీటుకు అతుక్కుంటుంది, మేజోళ్ళు వేస్తే జారుతుంది. ఇంట్లో చెప్పులేమిటని మా అమ్మ అభ్యంతరం చెప్పినా, బయట అడుగు పెట్టని పలచని అడుగున్న కాన్వాస్ బూట్లు ఒక జత ఆట కోసమే ఉంచుకున్నాను.

స్పర్శ ఎంత సున్నితంగా ఉండాలో ఇప్పుడు మీ చేతిలో ఉంది. గట్టిగా తొక్కాల్సి వస్తోందంటే ఖాళీ ఎక్కువైందన్నమాట. కింది రేకు అడుగున నడిమి భాగంలో ఒక విజిటింగ్ కార్డు దూర్చండి. కాలు ఆనీ ఆనకముందే పలుకుతోందంటే ట్యూబు ముక్కల కింద ఇన్సులేషన్ టేపు ఒక పొర వేయండి. ఒక్కో పొరకు తేడా మీకే తెలుస్తుంది. అమెరికాలో ఆర్కేడ్ ఆటగాళ్ళు సెన్సార్ల కింద పెన్నీ నాణేలు పెట్టి చేసే సర్దుబాటు కూడా ఇదే. నాణెం మందం మన పనికి ఎక్కువ, కార్డే నయం. అందుకని కింది రేకును అప్పుడే శాశ్వతంగా అంటించకుండా అంచుల్లో టేపుతో నిలిపి, వారం ఆడాక అంటించండి.

రేకుకు వైరు సోల్డరు చేయడం చికాకు. అంచున చిన్న రంధ్రం చేసి, వైరు కొనకు రింగు వేసి, చిన్న బోల్టుతో బిగిస్తే చాలు. బోల్టు తల ఎదుటి రేకును తాకని చోట పెట్టండి. పై రేకుకు వెళ్ళే వైరు ప్రతి అడుగుకూ కదులుతుంది కాబట్టి సన్నటి పోగులు చాలా ఉన్న వైరు వాడి, కొంచెం వదులుగా మెలిక వదలండి. ఒంటి పోగు వైరు నెలలో తెగుతుంది.

ఇక ల్యాప్‌టాప్‌కు కలిపే పెట్టె. మీ ప్యాడ్‌తో వచ్చిన చిన్న పెట్టె పనిచేస్తుంటే దాన్నే వాడుకోండి. పోయిందంటే పాత గేమ్‌ప్యాడ్ సర్క్యూటు వాడవచ్చు. కానీ దాని దిశల బటన్లకు వైర్లు కలపకండి. చాలా గేమ్‌ప్యాడ్లలో దిశల మీట ఒకేసారి ఎడమ, కుడి రెండూ చెప్పలేదు, బొటనవేలు రెండువైపులా ఒకేసారి నొక్కదని తయారుచేసినవారి ఊహ. మన ఆటలో రెండు కాళ్ళతో ఎగిరి ఎడమ కుడి కలిపి తొక్కడం నిత్యకృత్యం. కుడి బొటనవేలి కింద ఉండే నాలుగు బటన్లకు కలపండి.

నేనైతే ఏటీమెగా 32యూ4 చిప్పు ఉన్న, ప్రోగ్రాము రాసి నడిపే చిన్న సర్క్యూటు బోర్డు వాడతాను, ఆర్డినో లియొనార్డో గాని ప్రో మైక్రో గాని. ఇవి కంప్యూటర్‌కు నేరుగా కీబోర్డులా కనిపిస్తాయి. అందరి దగ్గరా ఉండే పాత ఊనో బోర్డు మామూలుగా అలా కనిపించదు, కొనేముందు చూసుకోండి. ప్రతి బాణానికీ ఒక పిన్ను, కింది రేకులన్నిటికీ కలిపి గ్రౌండు, బోర్డులోనే ఉన్న పుల్-అప్ నిరోధం వాడితే బయట ఒక్క విడిభాగం అక్కర్లేదు. ప్రోగ్రాములో మాత్రం ఒక మెలకువ ఉంది. రేకులు తాకేటప్పుడు, విడిపోయేటప్పుడు కొన్ని మిల్లీసెకన్లు గిలగిల కొట్టుకుంటాయి, ఒక అడుగు మూడు అడుగులుగా నమోదవుతుంది. దీనికి మామూలుగా చెప్పే మందు పది మిల్లీసెకన్లు ఆగి చూడటం. మనకు ఆ ఆలస్యం నష్టం. డ్యాన్స్ డ్యాన్స్ రెవల్యూషన్‌లో అన్నిటికంటే మంచి తీర్పుకు (అడుగు ఎంత సమయానికి పడిందో చూసి ఆట ఇచ్చే మార్కు) ఉన్న గడువు అటూ ఇటూ సెకనులో అరవయ్యో వంతు, అంటే సుమారు 17 మిల్లీసెకన్లు. అందులో పది మీరే తినేస్తే ఏం మిగులుతుంది? అందుకని మొదటి స్పర్శ రాగానే నొక్కినట్టు వెంటనే పంపండి. వదలడాన్ని మాత్రం పది మిల్లీసెకన్లు ఆగి, నిజంగా వదిలారని తేలాక పంపండి. గిలగిలంతా ఆ నిరీక్షణలో కలిసిపోతుంది.

ఇంత చేసీ ఆట ఆలస్యంగా ఉందని కొందరు ప్యాడ్‌ను తిడతారు, చూస్తే బ్లూటూత్ స్పీకరు ఉంటుంది. వైరు ఉన్న స్పీకరు పెట్టుకోండి.

ఎఫ్‌ఎస్‌ఆర్ సెన్సార్ల గురించి కూడా అడిగారు. ఇవి నొక్కిన కొద్దీ నిరోధం తగ్గే పలచని పట్టీలు. ఖాళీ అక్కర్లేదు, తాకే రేకు ఉండదు. ఎంత బరువుకు పలకాలో కంప్యూటర్‌లోంచే అంకెలతో దిద్దుకోవచ్చు. పైన చెప్పిన బోర్డే పట్టీ దగ్గరి వోల్టేజీని 0 నుంచి 1023 దాకా అంకెగా చదువుతుంది. పట్టీకి తోడు ఒక 10 కిలో ఓమ్‌ల నిరోధం చాలు. ఆ అంకెల్లో నొక్కినట్టు లెక్కించడానికి ఒక హద్దు గీత, వదలడానికి దానికంటే కొంచెం దిగువన ఇంకో గీత పెట్టుకోవాలి, ఒకటే గీత పెడితే కాలు ఆ గీత దగ్గర వణికినప్పుడల్లా అడుగులు కురుస్తాయి. అన్నిటికంటే మంచి పద్ధతి ఇదే, నా ప్రస్తుత ప్యాడ్‌లో ఉన్నవీ ఇవే. కానీ మెత్తని చాప లోపల వీటిని పెట్టకండి. బరువు ఫోమ్‌లోకి పాకిపోయి పట్టీ మీద పడేది కొంచెమే, అదీ అడుగడుగుకూ మారుతుంది. గట్టి పలక, దాని అంచు కింద పట్టీ, ఆ రెంటి మధ్య చిన్న రబ్బరు బిళ్ళ ఉండాలి. కాబట్టి ముందు రేకుల ప్యాడ్ చేయండి. ఏడాది తర్వాత ఆశ పుడితే అవే గుంటల్లో, అవే పలకల కింద రేకులు తీసి ఎఫ్‌ఎస్‌ఆర్ పెట్టుకోవచ్చు.

లోహపు ప్యాడ్ కొనడం తప్పేమీ కాదు. పోలండ్‌లో తయారయ్యే ఎల్-టెక్ ప్యాడ్ల మీద మంచి ఆటగాళ్ళే ఆడుతున్నారు. మన దగ్గరికి వచ్చేసరికి బరువు వల్ల రవాణా ఖర్చు, దాని మీద కస్టమ్స్ సుంకం చూసి గుండె రాయి చేసుకోవాలి. వాటినీ కొన్నవాళ్ళు ఊరుకోరు, వచ్చిన నెలలోనే విప్పి లోపల కార్డు ముక్కలు పెట్టడం మొదలుపెడతారు.

ప్లైవుడ్ కోయించే ముందు రెండు పనులు చేసి ఇక్కడ రాయండి. కుడి, ఎడమ బాణాల మల్టీమీటరు అంకెలు ఒకటి. పై బాణం దగ్గర ఫోమ్ రంధ్రం అంచును దగ్గరగా తీసిన ఫొటో రెండోది. ఫోమ్ ఒక్కటే అణిగి ఉంటే మీకు రేకులూ అక్కర్లేదు, బోర్డూ అక్కర్లేదు.